నలందలో అడిగిన మహిమ

మత గ్రంథాలలోని మహిమలను గురించి మన మధ్య మూడు వాదాలు వినవస్తుంటాయి. అవి జరిగాయని భక్తులంటారు. జరగలేదని హేతువాదులంటారు. అవి మహిమలే కావు, మన పూర్వుల విజ్ఞానశాస్త్రమని మూడో వర్గంవారంటారు. ఈ మూడో వాదానికి ఇటీవల గిరాకీ పెరిగింది. ఎంత విభేదించినా ఈ మూడు వాదాలూ "జరిగిందా, లేదా" అన్న ఒక్క చోటనే ఆగిపోతాయి. మనిషి గాలిలో ఎగరడు, ఒక దేహం వేయి దేహాలు కాదు. ఈ మాట చెప్పడానికి చరిత్రకారుడు అక్కరలేదు. చరిత్రకారుని పని ఆ తరువాత మొదలవుతుంది. ఈ కథను ఎవరు చెప్పారు? ఎవరి ముందు చెప్పారు? దానిని రాయించడానికీ, బొమ్మ వేయించడానికీ డబ్బు ఎవరిచ్చారు? ఆ డబ్బు ఎవరి కష్టంలోనుంచి వచ్చింది?

ఈ ప్రశ్నలను గాలిలో వేసి లాభం లేదు. ఒక ఊరిని పట్టుకొని వేయాలి. నేను నలందను తీసుకుంటున్నాను. మహిమను బాహాటంగా నిరాకరించిన ఒక బౌద్ధ కథకు రంగస్థలం నలంద. సుమారు పధ్నాలుగు, పదిహేను వందల ఏళ్ల తరువాత మహిమలను తాటాకుల మీద రంగులతో చిత్రించి పూజకు పెట్టినదీ నలందే. ఆ నిరాకరణకూ ఈ చిత్రణకూ మధ్య ఏమి జరిగిందో తెలుసుకుంటే, మహిమలను గురించి మన వాదాలకు కొంత నేల దొరుకుతుంది.

మొదట నిరాకరణ. దీఘనికాయంలో పదకొండవ సూత్రం కేవట్ట సుత్తం. బుద్ధుడు నలందలో పావారికుని మామిడితోటలో ఉన్నాడు. కేవట్టుడనే గృహపతి పుత్రుడు వచ్చి, ఈ నలంద సంపన్నమైన ఊరు, జనం కిక్కిరిసిన ఊరు, మీ భిక్షువులలో ఒకరి చేత మహిమ చూపిస్తే జనానికి మీ మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది అంటాడు. బుద్ధుడు ఒప్పుకోడు. కేవట్టుడు మూడు సార్లు అడుగుతాడు. అప్పుడు బుద్ధుడు మహిమలు మూడు రకాలని చెబుతాడు: ఆకాశాన ఎగరడం, నీటి మీద నడవడం వంటివి ఒకటి, ఎదుటివాని మనసులోని మాట చెప్పడం రెండోది, బోధించడం మూడోది. మొదటి రెండూ చూస్తే తనకు సిగ్గనీ, రోత అనీ అంటాడు.

దానికి ఆయన ఇచ్చిన కారణం గమనించతగినది. నమ్మినవాడు మహిమను చూసి మురిసిపోతాడు. నమ్మనివాడు, ఇది గాంధారీ విద్య, ఒక మంత్రం నేర్చి చేస్తున్నాడు అంటాడు. అంటే, మహిమ ఎవరి అభిప్రాయాన్నీ మార్చదు. నమ్మేవానిని నమ్మేవానిగానే, నమ్మనివానిని నమ్మనివానిగానే వదిలిపెడుతుంది. మనిషిని మార్చేది బోధ ఒక్కటే. కనుక అదే అసలు మహిమ.

అదే సూత్రంలో ఒక హాస్యకథ ఉన్నది. పంచభూతాలలో నాలుగైన పృథివి, జలం, తేజస్సు, వాయువు ఎక్కడ లయిస్తాయో తెలుసుకోవాలని ఒక భిక్షువు తన యోగశక్తితో దేవలోకాలన్నీ ఎక్కుతూ పోతాడు. ఏ దేవతకూ తెలియదు. చివరకు మహాబ్రహ్మ దగ్గరకు చేరతాడు. నేను సృష్టికర్తను, సర్వజ్ఞుణ్ణి అని మహాబ్రహ్మ సభలో గొప్పలు చెప్పుకొని, తరువాత భిక్షువును చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోతాడు. ఈ దేవతలంతా నాకు అన్నీ తెలుసనుకుంటున్నారు, అందుకే వాళ్లముందు చెప్పలేదు, నిజానికి నాకూ తెలియదు అంటాడు! అధికారంలో ఉన్న అజ్ఞానాన్ని ఇంత చక్కగా వెక్కిరించిన కథలు మన ప్రాచీన వాఙ్మయంలో ఎక్కువ లేవు.

వినయపిటకంలో ఇంకొక కథ. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు కర్రతో గిన్నె చేయించి, ఎత్తయిన వెదుళ్ల మీద కట్టించి, మహిమ గలవాడు ఎవడైనా దింపుకోవచ్చునని చాటిస్తాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు గాలిలో ఎగిరి గిన్నె తీసుకొని, ఊరి చుట్టూ మూడు సార్లు తిరుగుతాడు. జనం కేకలు వేస్తూ వెంటపడతారు. బుద్ధుడు అతనిని పిలిచి, ఒక కర్రగిన్నె కోసం ఇంత పని చేశావా అని చీవాట్లు పెడతాడు. గృహస్థులముందు మహిమలు చూపకూడదని నియమం పెడతాడు. ఆ గిన్నెను ముక్కలు చేయించి, భిక్షువుల కళ్లకు కాటుకగా నూరుకోమంటాడు. శ్రేష్ఠి ధనం, భిక్షువు మహిమ, జనం కేకలు: ఈ మూడూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఆనాటి సంఘానికి తెలుసు.

అయితే, బుద్ధుణ్ణి నేటి హేతువాదిగా చిత్రించడానికి తొందరపడకూడదు. ఆ సూత్రాలే యోగశక్తులు సాధ్యమని ఒప్పుకుంటాయి. పిండోలుడు ఎగరలేదని వినయపిటకం అనదు, ఎగరకూడదన్నది. నిరాకరించినది మహిమకు గల సాధ్యతను కాదు, మహిమను చూపి నమ్మకం కొనుక్కోవడాన్ని. ఊరూరా తిరిగి, ఏ ఊరి అన్నం ఆ ఊరిలో అడుక్కొని తిన్న సంఘానికి ఆ నియమం తగినది. అడుక్కొనేవాడు గారడీ మొదలుపెడితే భిక్షకూ బేరానికీ తేడా ఉండదు.

ఈ నియమం ఎలా సడలిందో చెప్పే కథ కూడా దొరుకుతుంది. పిండోలుని కథను శతాబ్దాల తరువాత ధమ్మపద అట్ఠకథ పొడిగించింది. భిక్షువులు మహిమలు చూపకూడదని తెలిసిన పరమతస్థులు పోటీకి రమ్మంటారు. నేనే చూపుతాను అంటాడు బుద్ధుడు. మీరు పెట్టిన నియమమే కదా అని బింబిసార మహారాజు అడుగుతాడు. దానికి జవాబు: రాజా, నీ తోటలో మామిడిపళ్లు ఇతరులు తింటే నీవు శిక్షిస్తావు, నీవు తింటే తప్పులేదు కదా? నియమం నా శిష్యులకే గాని నాకు కాదు. ఆ తరువాత శ్రావస్తిలో మామిడిచెట్టు దగ్గర మహాప్రాతిహార్యం జరుగుతుంది.

ఇక్కడ ఉపమానాన్ని చూడండి. నలందలో మామిడితోట బోధకు నీడనిచ్చింది. ఇక్కడ మామిడితోట ఒకరి సొత్తు; తోట యజమానికి ఒక న్యాయం, ఇతరులకు ఒక న్యాయం. గురువును రాజుతో పోల్చడంతోనే మహిమకు దారి తెరుచుకున్నది. కథ చెప్పినవారు మారారు, వారిని పోషించేవారు మారారు. అందుకే ఉపమానమూ మారింది.

ఇప్పుడు బొమ్మల దగ్గరకు వద్దాం. మనకు దగ్గరిదైన అమరావతితో ప్రారంభించడం మంచిది. అమరావతి స్తూపపు రాతికంచె మీది ఒక గుండ్రని శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉన్నది. క్రీ.శ. 2వ శతాబ్దిది. విషయం నలగిరి కథ. దేవదత్తుని ప్రోద్బలంతో మదపుటేనుగును రాజగృహం వీధిలో బుద్ధుని మీదికి వదిలారు. అది ఆయనముందు మోకరిల్లింది. శిల్పి ఆ ఒక్క వృత్తంలో రెండు ఘట్టాలు చెక్కినాడు. ఒక పక్క ఏనుగు విరుచుకుపడుతున్నది, వీధి జనం హడలిపోతున్నారు. ఇంకో పక్క అదే ఏనుగు వంగి ఉన్నది. మేడల కిటికీలలోనుంచి మనుషులు తొంగి చూస్తున్నారు. శిల్పానికి ప్రాణం పోసినది ఆ వీధి, ఆ జనం. మహిమ వారి కోసం జరుగుతున్నది; వారి భయం తీరుతున్నది.

ఆ స్తూపాన్ని కట్టించినవారిలో గృహపతులు, వర్తకులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను తన కుటుంబంతో కలిసి దానం చేసినట్లు అతని శాసనం చెబుతున్నది. చెప్పులు కుట్టేవాని పేరు రాతి మీద నిలిచిన కాలమది. అమరావతి శిల్పంలో వీధి అంత నిండుగా ఉండడానికీ, వీధిలోని మనుషులు దాతల పట్టికలో ఉండడానికీ సంబంధం ఉన్నదని నా అభిప్రాయం.

దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తరువాత, పాల రాజుల కాలంలో అదే నలగిరి కథ నలంద తాళపత్రాల మీద ఎలా ఉన్నదో చూద్దాం. మహీపాలుని 6వ పాలనా సంవత్సరంలో నలందలో రాసిన అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమిత ప్రతి ఒకటి కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో ఉన్నది. అది సుమారు 10వ శతాబ్ది చివరిది. మన దేశంలో తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్దుతారు. అక్కడ అలా కాదు. వెడల్పయిన శ్రీతాళపు ఆకు మీద కలంతో సిరా రాత. ఇటువంటి ప్రతులలో ఆకుకు మూడు చొప్పున, అరచేతిలో ఇమిడే చదరపు గళ్లు వదిలి, వాటిలో ఎరుపు, పసుపు, నీలి రంగులతో బొమ్మలు వేస్తారు. సాధారణంగా ఈ బొమ్మలు గ్రంథం మొదటి ఆకులమీద, నడిమి ఆకులమీద, చివరి ఆకులమీద ఉంటాయి. దేవతామూర్తులు కాక, ముఖ్యంగా ఉండేవి బుద్ధుని ఎనిమిది మహాఘట్టాలు: లుంబినిలో జననం, బోధగయలో సంబోధి, సారనాథ్‌లో ధర్మచక్ర ప్రవర్తనం, శ్రావస్తిలో మహాప్రాతిహార్యం, సాంకాశ్యంలో దేవలోకం నుంచి దిగిరావడం, రాజగృహంలో నలగిరి, వైశాలిలో కోతి తేనె సమర్పించడం, కుశీనగరంలో పరినిర్వాణం.

ఈ నలగిరి బొమ్మలో బుద్ధుడు గడి నిండా నిలబడి ఉంటాడు. ఆయన పాదాల దగ్గర కుక్కపిల్లంత ఏనుగు. వీధి లేదు, కిటికీలు లేవు, జనం లేరు. జాగా చాలకనే జనాన్ని వదిలారని అనవచ్చు. జాగా కొంత కారణమే. కాని జాగా చాలనప్పుడు దేనిని వదులుతామో, దేనిని ఉంచుతామో అన్నది కూడా ఒక నిర్ణయమే. ఏనుగును భయపడినవారి కథగా కాక, ఏనుగును లొంగదీసినవాని చిహ్నంగా చూపాలని ఆ కాలం కోరింది.

ఇంకొక విశేషం. ఈ బొమ్మలకూ, ఆ గ్రంథంలోని విషయానికీ నేరుగా సంబంధం లేదు. అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమిత బుద్ధచరిత్ర కాదు, శూన్యవాదానికి ఆధారమైన తాత్త్విక సంభాషణ. దానిని లోకక్షేముడు క్రీ.శ. 179లో చీనా భాషలోకి అనువదించాడు. సుభూతి, శారిపుత్రుడు, శక్రుడు మాట్లాడుకుంటారు. పట్టుకోదగిన వస్తువేదీ లేదనీ, నిర్వాణం కూడా మాయవంటిదేననీ తర్కిస్తారు. దేనినీ పట్టుకోవద్దని చెప్పే గ్రంథానికి మొదలా, నడుమా, చివరా మహిమలను కాపలా నిలబెట్టారు. చదివేవానికి ఈ బొమ్మలు అర్థం చెప్పవు. చదవనివానికి మాత్రం ఇది పవిత్ర వస్తువని చెబుతాయి.

చదవనివాడు పుస్తకంతో ఏం చేయాలో ఆ గ్రంథమే చెప్పింది. జంబూద్వీపం నిండా బుద్ధుని ధాతువులు ఒక వైపు, ఈ పుస్తకం ఒక వైపు పెడితే, నేను పుస్తకాన్నే కోరుకుంటానని శక్రుడంటాడు. ఇంత వరకు గొప్ప మాట: ఎముకకంటె జ్ఞానం మిన్న. కాని ఆ వెంటనే, పుస్తకాన్ని రాయించి పూలతో, ధూపదీపాలతో, ధ్వజాలతో పూజిస్తే స్తూపాలు కట్టించిన దానికంటె ఎక్కువ పుణ్యమంటుంది. స్తూపం స్థానంలో పుస్తకం కూర్చున్నది. పూజ మాత్రం అట్లాగే మిగిలింది.

రాయించడానికి డబ్బు కావాలి. అది ఎక్కడిదో చెప్పే రాగిశాసనం 1921లో నలంద తవ్వకాలలో దొరికింది. 9వ శతాబ్దిలో దేవపాలుడు సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుని కోరిక మీద ఐదు గ్రామాలను నలంద విహారానికి ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడో శాసనమే లెక్క చెబుతుంది: పూజకు, భిక్షువుల తిండికి, బట్టకు, పడకకు, మందులకు, ధర్మగ్రంథాలు రాయించడానికి, విహారం మరమ్మతుకు. అంతకుముందే, 7వ శతాబ్దిలో, నలందకు 100 గ్రామాల ఆదాయం ఉండేదనీ, 200 కుటుంబాలు రోజూ బియ్యం, వెన్న, పాలు తెచ్చి ఇచ్చేవనీ హ్యూయెన్ త్సాంగ్ జీవితచరిత్ర చెబుతున్నది. ఇత్సింగ్ 200 పైచిలుకు గ్రామాలంటాడు.

ఇప్పుడు కేవట్టుని కథకు ఈ రాగిశాసనాన్ని జోడించి చూడండి. ఇంటింటా అడుక్కుతిన్న సంఘం మహిమను కాదన్నది. గ్రామాల శిస్తు తిన్న విహారం మహిమను బొమ్మ కట్టింది. భిక్ష ఇచ్చే గృహస్థుకు బోధ వినిపించాలి. లేకపోతే రేపు అన్నం పెట్టడు. శిస్తు ఇచ్చే రైతుకు ఏమీ వినిపించనక్కరలేదు, రాజశాసనం ఉన్నది. అతనికి పుస్తకం చదివే భాష కాదు, దండం పెట్టే వస్తువు. ఆ పుస్తకంలోని తర్కాన్ని పండించిన అన్నం అతనిది. ఆ తర్కం మాత్రం అతని దాకా పోలేదు.

ఈ భాగం చెప్పినప్పుడు నా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయితే ఇదంతా మోసమే కదా మాస్టారూ, దీనిని చదవడమెందుకు?" అని. మోసం అన్న మాటతో చరిత్ర తేలిపోదు. నయపాలుని 14వ పాలనా సంవత్సరంలో ఉద్దాక అనే రాణి పంచరక్ష గ్రంథానికి బొమ్మల ప్రతి రాయించింది. అది నేడు కేంబ్రిడ్జిలో ఉన్నది. పంచరక్షలోని మంత్రాలు రోగాల నుంచీ, పాముల నుంచీ, ప్రసవ గండాల నుంచీ కాపాడతాయని నమ్మకం. రాణికి కూడా వైద్యం అంతంతమాత్రమైన కాలంలో ఆ పుస్తకం ఎవరినో మోసగించడానికి పుట్టలేదు, భయం నుంచి పుట్టింది. భయం నిజమైనదే. దానికి దొరికిన మందు మాత్రం నిజమైనది కాదు. మందును ఎగతాళి చేయడం సులభం; రోగాన్ని గుర్తించకుండా ఎగతాళి చేస్తే మనం ఎవరినీ ఒప్పించలేము.

దాతల కోరిక కూడా గమనించాలి. ఇటువంటి ప్రతుల చివర దాదాపు ఒకే మూసలో ఒక వాక్యం ఉంటుంది: ఈ పుణ్యం వల్ల గురువులు, తల్లిదండ్రులు మొదలుకొని సమస్త జీవరాశికీ అనుత్తర జ్ఞానం కలగాలని. సమస్త జీవరాశికీ జ్ఞానం! దానిని రాసిన లేఖకుని పేరు ఒక్కొక్కప్పుడు ఉంటుంది. బొమ్మలు వేసినవాని పేరు సాధారణంగా ఉండదు. ఆశయంలో అందరూ ఉన్నారు, అమలులో కొందరే ఉన్నారు. మతచరిత్రలో మనం ఎదుర్కొనే వైరుధ్యమంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది.

ఆ వైరుధ్యం గ్రంథం లోపల కూడా ఒక కథగా ఉన్నది. అష్టసాహస్రిక చివరలో సదాప్రరుదితుడనే వాడు ప్రజ్ఞాపారమితను నేర్చుకోవాలని ధర్మోద్గతుడనే గురువు కోసం బయలుదేరతాడు. అతను పేదవాడు. గురువుకు సమర్పించడానికి చేతిలో ఏమీ లేదు. సంత వీధిలో నిలబడి, నన్ను కొనేవారున్నారా అని అరుస్తాడు. మారుని మాయ వల్ల ఎవరికీ వినపడదు. చివరకు శక్రుడు బ్రాహ్మణ యువకుని వేషంలో వచ్చి గుండె, రక్తం, మూలుగ బేరమాడతాడు. అతను కత్తితో తన శరీరాన్నే కోసుకుంటాడు. మేడ మీదినుంచి చూసిన ఒక శ్రేష్ఠి కూతురు దిగివచ్చి, కావలసిన ధనం నేనిస్తానంటుంది. సత్యవాక్కు మహిమ చేత అతని దేహం మళ్లీ పూర్వం లాగే అవుతుంది. తీరా అక్కడికి పోతే, ఆ గ్రంథం బంగారు రేకుల మీద కరిగించిన వైడూర్యంతో రాసి, ఏడు ముద్రలు వేసి భద్రపరచి ఉంటుంది.

మహిమను పక్కకు పెట్టి ఈ కథ చదవండి. చదువుకోవాలని ఉన్న పేదవాడు, అమ్ముకోవడానికి ఒళ్లు తప్ప ఏమీ లేనివాడు, అతని కేక ఎవరికీ వినపడని సంత, ఏడు ముద్రలు పడ్డ బంగారు పుస్తకం. రచయిత దీనిని భక్తికి పరాకాష్ఠగా రాశాడు. కాని చదువుకూ ధనానికీ ఉన్న సంబంధాన్ని తనకు తెలియకుండానే చెప్పేశాడు. తెగిన శరీరం అతుక్కోవడం అన్న మహిమ కథలో ఎందుకు వచ్చింది? ఆ సమాజంలో అటువంటివానిని బతికించే మార్గం ఇంకేదీ రచయితకు కనపడలేదు గనుక. మహిమ వచ్చే చోటును గుర్తు పెట్టుకుంటే, సమాజం ఎక్కడ దారి మూసిందో తెలుస్తుంది. మహిమలను చదవడమెందుకన్న ప్రశ్నకు నా సమాధానం ఇదే.

పూజకు కూడా ఒక న్యాయం చేయాలి. మగధలో విహారాలు కూలినా ఈ తాళపత్రాలు కొన్ని బతికాయి. ముఖ్యంగా నేపాలులోనూ టిబెట్టులోనూ బతికాయి. నేపాలులో శతాబ్దాల తరబడి వాటికి కుంకుమా గంధమూ పూసి పూజించినందు వల్ల చెక్క అట్టలు పూడిపోయాయి; ఆకులు మాత్రం మిగిలాయి. లలితపురంలోని క్వాబహాలో ఈ గ్రంథ పారాయణం నేటికీ సాగుతున్నది. పుస్తకాన్ని జనానికి దూరం చేసిన పూజే పుస్తకాన్ని కాలానికి అందకుండా దాచింది. చివరకు 1888లో రాజేంద్రలాల మిత్ర దానిని కలకత్తాలో అచ్చు వేయించాడు. అచ్చులో బొమ్మలు లేవు, ముద్రలు లేవు, పూజ లేదు. చదువు వచ్చిన ఎవరైనా కొనుక్కొని చదివి, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. దేవతగా ఉన్న పుస్తకం ఆనాటికి మళ్లీ పుస్తకమయింది.

నలంద చివరి రోజులను గురించి ఒక ప్రత్యక్షసాక్షి కథనం ఉన్నది. టిబెట్టు భిక్షువు ధర్మస్వామి 1234-36 నడుమ మగధకు వచ్చాడు. నలంద అప్పటికే పాడుపడింది. తొంభై ఏళ్లు దాటిన రాహులశ్రీభద్రుడు అక్కడ సుమారు 70 మంది విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. ఓదంతపురానికి చెందిన జయదేవుడనే గృహస్థు వారిని పోషిస్తున్నాడు. సైనికులు జయదేవుణ్ణి నిర్బంధిస్తే, దాడి రాబోతున్నదని అతను అక్కడినుంచే కబురు పంపాడు. విద్యార్థులంతా తలొక దిక్కుకు పోయారు. ధర్మస్వామి పోలేదు. ముసలి గురువును వీపున ఎక్కించుకొని, కొద్దిపాటి తిండిగింజలతో, కొన్ని పుస్తకాలతో దగ్గరలోని ఒక గుడికి చేర్చి దాచాడు.

ఇందులో ఎగిరినవాడు లేడు, ఏనుగు మోకరిల్లలేదు. చెరలో ఉండి కబురు పంపిన గృహస్థు, వీపున మోసిన శిష్యుడు, తొంభై దాటినా పాఠం ఆపని గురువు ఉన్నారు. మామిడితోటలో కేవట్టునికి చెప్పిన మూడో మహిమ ఇదే. రాజులిచ్చిన గ్రామాలు నలందకు వైభవాన్ని ఇచ్చాయి. పాఠాన్ని నిలబెట్టినవారు మాత్రం ఇటువంటి మనుషులు.

మహిమల గ్రంథాలను పాఠశాలల నుంచి వెళ్లగొట్టడం వల్ల మహిమలు పోవు. అవి బడి బయట, ప్రశ్న అడిగేవాడు లేని చోట, మరింత బలంగా బతుకుతాయి. వాటిని తరగతిలోకి తెచ్చి, ఎవరు రాయించారు, ఎవరు మోశారు, ఎవరు చదవలేకపోయారు అని వరుసగా అడగడం ఉపాధ్యాయుల పని. ఆ పనికి ముందుగా ఈ గ్రంథాలు మూలంలోనూ, చక్కని తెలుగు వచనంలోనూ చవకగా విద్యార్థుల చేతికి అందాలి. సదాప్రరుదితుడు కోరినది అంతకంటె ఎక్కువేమీ కాదు.